నీళ్లు ఎక్కడ ఆగాయి? డ్యూయల్ బూట్ ఎర్రర్లను చదవడం ఎలా

రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు, సెలవులకి రాజోలు వచ్చాడు. "అన్నయ్యా, లాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద రెండు లైన్లు వచ్చి ఆగిపోతోంది. నా ప్రాజెక్ట్ అంతా అందులోనే ఉంది" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఫొటో తీసి పంపమన్నాను. మొదటి లైన్లో 'ఎర్రర్: నో సచ్ పార్టిషన్' అని, దాని కింద 'గ్రబ్ రెస్క్యూ' అని, పక్కన కర్సర్ మిణుకుతూ ఉంది.

"ఫ్రెండ్ ఫార్మాట్ కొట్టేయమంటున్నాడు, కొట్టెయ్యనా?"

"వద్దు. ముందు ఒకటి చెప్పు, నిన్నటి నుంచి ఇవాళ్టికి ఏం మార్చావు?"

ఏమీ మార్చలేదన్నాడు. రెండోసారి అడిగితే, స్పేస్ చాలక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పేరూ లెటరూ లేని పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) ఒకటి కనబడితే తీసేశానన్నాడు. మొదటి ఏడాది ల్యాబ్ కోసమని విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, తర్వాత దాని సంగతే మర్చిపోయాడు. విండోస్‌కి లినక్స్ పార్టిషన్ చదవడం రాదు కాబట్టి దానికి అక్కడ పేరూ లెటరూ ఉండవు. వాడు తీసేసింది దాన్నే. ఉబుంటుతో పాటు వచ్చి, ఆన్ చేయగానే ముందు లేచే గ్రబ్ తాలూకు ఫైళ్లూ దాంట్లోనే ఉన్నాయి. ప్రాజెక్ట్ మాత్రం విండోస్ వైపు భద్రంగా ఉంది. పావుగంటలో విండోస్ తెరుచుకుంది, ఒక్క ఫైలు కూడా పోలేదు.

విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా ఆగిపోయే తేదీ 2025 అక్టోబర్ 14. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్) కావాలి, ప్రాసెసర్ కూడా కాస్త కొత్తదై ఉండాలి. దాంతో మా చుట్టుపక్కల చాలామంది పాత మెషీన్లలో విండోస్ పక్కనే లినక్స్ వేసుకోవడం మొదలుపెట్టారు. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. మంచి పనే. కానీ ఏదో ఒక ఎర్రర్ రాగానే ఫార్మాట్ అనేస్తున్నారు. ఫార్మాట్ అవసరం పడేది చాలా తక్కువసార్లు. ఎక్కువసార్లు డేటా ఎక్కడిది అక్కడే ఉంటుంది, దాని దాకా వెళ్లే దారి మధ్యలో ఒకచోట తెగి ఉంటుంది. ఎక్కడ తెగిందో ఎర్రరే చెబుతుంది.

డెల్టాలో పెరిగినవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర ఆపిన గోదావరి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవల్లోకి వెళ్తాయి. మా రాజోలు వైపుకైతే గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ పాయ దాటి రావాలి. అక్కడినుంచి లాకులు, పిల్లకాలవలు, తూములు, చివరికి బోదె, చేను. శివారు రైతు తన చేలోకి నీళ్లు రాకపోతే చేను తవ్వి చూసుకోడు. గట్టు వెంట పైకి నడుస్తాడు. ఎక్కడిదాకా నీళ్లున్నాయో, ఎక్కడ ఆగాయో చూస్తాడు. ఆ రెంటి మధ్యే ఉంటుంది సంగతి.

కంప్యూటర్ పవర్ బటన్ నొక్కాక జరిగేదీ ఇలాంటి అందజేతే. ముందు మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్) లేస్తుంది. అది బూట్ లోడర్‌ని (ఉబుంటులో దాని పేరే గ్రబ్) వెతికి పని అప్పగిస్తుంది, బూట్ లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్‌ని ఎక్కిస్తుంది, కెర్నల్ మిగతా సిస్టమ్‌ని లేపుతుంది. ఒకళ్ల పని అయ్యాకే రెండోవాళ్ల పని. స్క్రీన్ మీద చివరిగా మాట్లాడింది ఎవరో గుర్తుపడితే, తెగింది వాళ్ల దగ్గరో ఆ తర్వాతి అడుగులోనో అని తేలిపోతుంది. 'గ్రబ్ రెస్క్యూ' అని వచ్చిందంటే ఫర్మ్‌వేర్ తన పని చేసింది, డిస్క్ కనబడింది, గ్రబ్ దాకా నీళ్లొచ్చాయి. ఆ పైన ఉన్నవాటిని ముట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ పాతకొత్తల గొడవ ఒకటుంది, దాన్ని విడదీసి చూడాలి. పాత పద్ధతిలో బయోస్ అనే ఫర్మ్‌వేర్ డిస్క్ మొదటి సెక్టార్ చదివేది. ఆ సెక్టార్ 512 బైట్లు. అందులో బూట్ కోడ్‌కి దక్కేది 446, పార్టిషన్ల పట్టికకి 64, చివర గుర్తుకి 2. దీన్నే ఎంబీఆర్ అంటారు. 1983లో పీసీల్లోకి హార్డ్ డిస్కులతో పాటు వచ్చిన ఏర్పాటు. అంత చిన్న చోట రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల బూట్ కోడ్ ఇమడదు కాబట్టి, ఎవరు చివర ఇన్‌స్టాల్ అయితే వాళ్లు ముందువాళ్లని చెరిపి కూర్చునేవారు. "లినక్స్ వేశాక విండోస్ వేస్తే లినక్స్ పోతుంది" అన్న మాట అప్పటిది.

ఇప్పుడున్నది యూఈఎఫ్ఐ అనే కొత్త తరం ఫర్మ్‌వేర్. డిస్క్‌లో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని చిన్న ముక్క ఉంటుంది. మామూలుగా ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో (ఫైళ్లు సర్దే పద్ధతి) ఉంటుంది, విండోస్ తానుగా చేసుకున్నదైతే చాలావాటిలో 100 ఎంబీ. అందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డర్, ఉబుంటు పేరుతో ఒక ఫోల్డర్ పక్కపక్కనే ఉంటాయి, ఒకరి జోలికి ఒకరు పోరు. ఎవర్ని ముందు పిలవాలో రాసిన జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. ఇది తెలిస్తే సగం ఎర్రర్ల మీద భయం పోతుంది. లినక్స్ వేశాక మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటోందంటే లినక్స్ పోయినట్టు కాదు. ఏ విండోస్ అప్‌డేట్ తర్వాతో జాబితాలో విండోస్ పేరు పైకి వచ్చింది, అంతే. బయోస్ సెట్టింగుల్లోకి (యూఈఎఫ్ఐ వచ్చినా జనం ఇంకా ఆ పాత పేరే వాడతారు) వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని పైకి తెస్తే సరిపోతుంది.

మా తమ్ముడితో ఫోన్‌లో చేయించిందీ ఇలాంటిదే. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట వరసగా నొక్కమన్నాను. డెల్, లెనోవోల్లో అది మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. మొదటిసారి ఆలస్యంగా నొక్కాడు, మళ్లీ అదే నల్ల స్క్రీన్. రెండోసారి జాబితా వచ్చింది: పైన ఉబుంటు, దాని కింద విండోస్ బూట్ మేనేజర్. "రెండోది ఎంచుకుని ఎంటర్ కొట్టు." విండోస్ గుర్తు కింద చుక్కలు తిరగడం మొదలయ్యాక గాని వాడు ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత బయోస్‌లోకి వెళ్లి విండోస్‌ని మొదట పెట్టాడు.

ఇదే 'గ్రబ్ రెస్క్యూ' లినక్స్ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కూడా రావచ్చు. ముఖ్యంగా పాత ఎంబీఆర్ మెషీన్లలో, మధ్యలో ఒక పార్టిషన్ కొత్తగా చేరినా, ఒకటి పోయినా అంకెలు జరుగుతాయి. గ్రబ్ మాత్రం తన ఫైళ్ల కోసం పాత అంకె దగ్గరికే పోయి తలుపు కొడుతుంది. అప్పుడు ఆ కర్సర్ దగ్గర 'ఎల్ఎస్' అని కొడితే డిస్కులు, పార్టిషన్లు వరసగా కనిపిస్తాయి. మళ్లీ 'ఎల్ఎస్' కొట్టి, దాని తర్వాత ఒక్కో పార్టిషన్ పేరూ రాసి, చివర ఏటవాలు గీత (/) పెట్టి చూసుకుంటూ పోవాలి. చాలావాటికి 'అన్‌నోన్ ఫైల్ సిస్టమ్' అని జవాబొస్తుంది. ఒకచోట మాత్రం బూట్, హోమ్, ఈటీసీ అని ఫోల్డర్లు కనబడతాయి. అదే మన లినక్స్. 'సెట్' కమాండ్‌తో రూట్‌కి ఆ పార్టిషన్‌ని, ప్రిఫిక్స్‌కి అందులోని బూట్ ఫోల్డర్ లోపలి గ్రబ్ ఫోల్డర్‌ని చూపించి, 'ఇన్స్‌మాడ్ నార్మల్' అని ఒకసారి, 'నార్మల్' అని ఒకసారి కొడితే ఎప్పుడూ వచ్చే మెనూ వచ్చేస్తుంది. అయితే ఇది ఆ ఒక్కసారికే. లినక్స్‌లోకి వెళ్లాక గ్రబ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి, లేకపోతే రేపు పొద్దున మళ్లీ అదే కర్సర్. చేత్తో చేయడం కష్టమనిపిస్తే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) బూట్ చేసి బూట్-రిపేర్ అనే టూల్ నడపొచ్చు, మామూలు కేసులకి అది బాగానే పనిచేస్తుంది.

మెనూ వచ్చింది గానీ అందులో విండోస్ లేదు అనేది ఇంకో ఫిర్యాదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఆపరేటింగ్ సిస్టమ్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని భద్రత కోసం మొదటినుంచే ఆపి ఉంచుతున్నారు. ఈటీసీ లోపల డిఫాల్ట్ అనే ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైలుంటుంది. అందులో డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న లైన్‌ని ఫాల్స్ చేసి, టెర్మినల్‌లో 'సుడో అప్‌డేట్-గ్రబ్' కొడితే విండోస్ పేరు చేరుతుంది. చేరలేదంటే ఒకటి అనుమానించాలి: విండోస్ యూఈఎఫ్ఐలో, లినక్స్ పాత బయోస్ పద్ధతిలో (దీన్నే లెగసీ అంటారు) ఇన్‌స్టాల్ అయి ఉండొచ్చు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడుతుంది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, ఇంకోదాని ముందు ఉండదు. రెండూ ఒకటే కదా అని ఏదో ఒకటి నొక్కేస్తాం. యూఈఎఫ్ఐ అని లేనిది నొక్కితే లినక్స్ పాత పద్ధతిలో కూర్చుంటుంది, ఇక ఈ రెండూ ఒకే మెనూలోకి రావు. ఒక కాలవ నీళ్లు ఇంకో కాలవ బోదెలోకి ఎక్కుతాయా? ముందే చూసుకోవడం రెండు నిమిషాల పని. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ అనో లెగసీ అనో రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ని కూడా అదే మోడ్‌లో బూట్ చేయాలి.

ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనబడకపోవడం ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఎక్కువ. డిస్క్ పాడైందని బెంగ పడొద్దు. బయోస్‌లో స్టోరేజ్ సెట్టింగ్ ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ మోడ్‌లో ఉంటే కొన్ని ఇన్‌స్టాలర్లు డిస్క్‌ని చదవలేవు, ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి. నేరుగా మార్చేస్తే మాత్రం విండోస్ 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం స్క్రీన్ చూపిస్తుంది. మార్చే ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లోకి వెళ్లి మార్చాలి. విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేయాలి. పిన్ కాకుండా అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి సుమా, సేఫ్ మోడ్‌లో పిన్ ఒక్కోసారి పనిచేయదు. ముందే మార్చేసి నీలం స్క్రీన్ చూస్తున్నారా? సెట్టింగ్‌ని వెనక్కి తిప్పండి, విండోస్ తిరిగొస్తుంది.

ఇక సెక్యూర్ బూట్. బూట్ లోడర్ మీద నమ్మదగిన సంతకం ఉందో లేదో ఫర్మ్‌వేర్ చూస్తుంది. ఉబుంటు లాంటివి షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం చేయించుకుని దాని వెనక గ్రబ్‌ని నడిపిస్తాయి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ పాత షిమ్‌లని చెల్లవని ప్రకటించింది. డ్యూయల్ బూట్ మెషీన్ల జోలికి పోకూడదనే దాన్ని రాశారు గానీ, చాలా మెషీన్లని అది గుర్తుపట్టలేకపోయింది. ఒక్కసారిగా ఎంతోమందికి లినక్స్ ఆగిపోయి 'ఎస్‌బ్యాట్ సెల్ఫ్-చెక్ ఫెయిల్డ్' అన్న లైన్ కనబడింది. 2025 మే అప్‌డేట్లతో అది సర్దుకుంది. ఇప్పటికీ ఎవరికైనా ఆ లైన్ వస్తే సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, షిమ్‌తో సహా అన్నీ అప్‌డేట్ చేసుకుని మళ్లీ ఆన్ చేయాలి.

ఆపడం అన్నాను కదా, ఆ ఒక్క పని నాకు ఎంత పెద్ద పాఠం నేర్పిందో చెప్పాలి. అంబాజీపేటలో మా బాబాయిది కొబ్బరి వ్యాపారం. లెక్కలన్నీ ఒకే లాప్‌టాప్‌లో. దాని పక్కన లినక్స్ వేద్దామని కూర్చుని, ముందూ వెనకా చూడకుండా సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాను. రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్: బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఇవ్వమంది. 48 అంకెలు. బాబాయికి ఆ మాటే తెలియదు. "పాస్‌వర్డ్ ఇదేరా" అని రోజూ కొట్టే నాలుగంకెల పిన్ చెబుతున్నారు. కొట్లో కాయలు దింపుకోవడానికి వచ్చినవాళ్లు డబ్బుల కోసం నిలబడి ఉన్నారు, ఎవరికెంత ఇవ్వాలో అందులోనే ఉంది. తప్పు నాదే.

చాలా కొత్త లాప్‌టాప్‌లలో, మొదట మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. ఎవరూ అడగరు, మనం చూడం. బూట్ దారిలో సెక్యూర్ బూట్ లాంటిది మారితే, ఎవరో దొంగదారిన వస్తున్నారేమోనని టీపీఎం చిప్ తాళం ఇవ్వనంటుంది. ఆ కీ లేకపోతే ఆ డిస్క్‌ని ఇంకెవరూ తెరవలేరు, మైక్రోసాఫ్ట్ కూడా. మా అదృష్టం, ఆ లాప్‌టాప్‌ని మొదట సెట్ చేసింది హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలు. కీ తన అకౌంట్‌లో ఉంది. ఫోన్ చేస్తే ఆఫీసులోంచి బయటికి వచ్చి అకౌంట్ తెరిచింది. అందులో రెండు కీలున్నాయి. స్క్రీన్ మీది కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు నేను చదివాను, ఏది కలిసిందో తను చూసింది. తర్వాత ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది ముక్కలు తను చదువుతుంటే నేను కొట్టాను. ఐదో ముక్క దగ్గర ఒక అంకె తప్పి మళ్లీ కొట్టాల్సి వచ్చింది. లెక్కల పుస్తకం చివరి పేజీలో బాబాయి ఆ కీని తన చేత్తో రాసుకున్నారు.

అందుకని ఎవరు అడిగినా, పెన్‌డ్రైవ్ గుచ్చకముందే మొదట చేయమనేది ఇదే: ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకోండి, ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి ఎక్కించండి, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి. పనిలో పనిగా ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగిపోదు, సగం మెలకువతో డిస్క్‌ని పట్టుకునే ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు, లేదా అసలు తెరవనంటుంది.

గ్రబ్ దాటి కెర్నల్ దగ్గర ఆగేవి కొన్నున్నాయి. మెనూలో ఉబుంటు ఎంచుకున్నాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవర్ పని. మెనూలో 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర 'నోమోడ్‌సెట్' చేర్చి బూట్ చేసి, లోపలికి వెళ్లి డ్రైవర్ వేసుకోవాలి. 'ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్' అని ఆగి, ఎఫ్ఎస్‌సీకే (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) చేత్తో నడపమని ఇంకో లైన్ కనబడితే ఫైల్ సిస్టమ్‌కి దెబ్బ తగిలిందని అర్థం. తుఫాను రోజుల్లో ఉన్నట్టుండి కరెంటు పోయే మా ఊళ్లలో డెస్క్‌టాప్‌లకి ఇది తరచూ వస్తుంది. అది చెప్పిన పార్టిషన్ పేరుతోనే ఎఫ్ఎస్‌సీకే నడిపి, అడిగినవాటికి అవునని చెబితే ఎక్కువసార్లు లేస్తుంది. రెండు వారాల్లో మళ్లీ అదే వస్తే డిస్క్‌నే అనుమానించి, ముందు డేటా బయటికి తీసేయండి.

మా తమ్ముడు వారం తిరక్కుండా ఉబుంటు మళ్లీ వేశాడు. ఈసారి విండోస్ లోంచే చోటు కుదించి, కీ రాసుకుని, యూఈఎఫ్ఐ అని ఉన్న పెన్‌డ్రైవే ఎంచుకుని, అంతా వాడే చేసుకున్నాడు. మర్నాడు మళ్లీ ఫోన్. "అన్నయ్యా, అన్నీ బాగానే ఉన్నాయి గానీ విండోస్‌లోకి వెళ్తే టైం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది." అది ఎర్రర్ కాదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ అదే అంకెని మన ఊరి టైం అనుకుని చదువుతుంది. మనకీ దానికీ తేడా 5 గంటల 30 నిమిషాలు. లినక్స్ టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్' తర్వాత 'సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని కొట్టమన్నాను. కొట్టి, ఒకసారి విండోస్‌లోకి వెళ్లి టైం సరిచేసుకుని, రెండు వైపులా ఒకటే చూపిస్తోందని ఫొటోలు పంపాడు.